తక్కువ ధరలో బయటి గోల ఆపే హెడ్‌ఫోన్లు: ఎలా చూసి కొనాలి?

పెట్టె మీద ‘నాయిస్ క్యాన్సలేషన్’ అని పెద్ద అక్షరాలు చూసి నేను మొదటిసారి కొన్న ఇయర్‌బడ్స్ బయటి చప్పుడును పిసరంత కూడా ఆపలేదు. పాడైన పీస్ వచ్చిందేమోనని రెండు రోజులు వాటితో కుస్తీ పట్టాను. సెట్టింగులన్నీ వెతికాను. తీరా తెలిసిందేమిటంటే, ఆ మాట నా చెవుల గురించి రాసింది కాదు. నేను ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు నా చుట్టూ ఉన్న గోల అవతలివాళ్లకు వినపడకుండా చేసే ఏర్పాటు అది. నాకు కావలసింది ఒకటి, నేను కొన్నది ఇంకొకటి.

ఆ తర్వాత ఇంట్లోవాళ్ల కోసం, స్నేహితుల కోసం చాలా జతలు చూశాను. కొన్ని కొన్నాను, కొన్ని వెనక్కి పంపాను. బాగా ఖరీదైనవి కొనేవాళ్లకు ఈ తిప్పలు తక్కువే, ఎందుకంటే వాటిలో ఎలక్ట్రానిక్స్ చాలా లోపాలను కప్పేస్తాయి. బడ్జెట్ తక్కువైనప్పుడు మాత్రం వరుస తప్పకూడదు. ముందు మిమ్మల్ని వేధించే చప్పుడేమిటో తెలుసుకోవాలి, తర్వాత మీ చెవికి ఏది సరిగ్గా కూర్చుంటుందో చూడాలి, ఫీచర్ల సంగతి ఆ తర్వాతే. చాలామంది ఫీచర్లతో మొదలుపెడతారు, అక్కడే డబ్బు పోతుంది.

మొదటి అడుగు: మీ చప్పుడేదో పట్టుకోండి

చప్పుళ్లన్నీ ఒకటి కావు. మన భాషలోనే వాటికి వేర్వేరు పేర్లున్నాయి. హెడ్‌ఫోన్లు కొనేటప్పుడు ఆ తేడాలు బాగా పనికొస్తాయి.

హోరు అంటే ఆగకుండా ఒకే తీరుగా సాగేది. విమానం ఇంజిన్, బస్సు లోపలి గుర్రుమనే శబ్దం, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్, దూరంగా వెళ్లే ట్రాఫిక్ ఈ కోవలోకి వస్తాయి. శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత హెర్ట్జ్. హోరు బలమంతా చాలావరకు కొన్ని వందల హెర్ట్జ్‌ల లోపే, అంటే బొంగురు స్థాయిలోనే ఉంటుంది. గోల అంటే మాటలు, టీవీ, పిల్లల కేకలు. మనిషి గొంతు అడుగు స్వరం సుమారు 100 నుంచి 250 హెర్ట్జ్‌ల మధ్య ఉన్నా, మాట మనకు అర్థమయ్యేలా చేసే ధ్వనులు ఎక్కువగా 1000 నుంచి 4000 హెర్ట్జ్‌ల మధ్య ఉంటాయి. ఇక మూడో రకం టకటకలు, ఢామ్మనే మోతలు. తలుపు కొట్టుకోవడం, సుత్తి దెబ్బ, గిన్నె జారిపడటం, హారన్, కుక్క మొరగడం లాంటివి.

రెండు రోజులపాటు, మీకు ఏకాగ్రత చెదిరిన ప్రతిసారీ ఏ చప్పుడు వల్ల చెదిరిందో ఫోన్‌లో ఒక ముక్క రాసుకోండి. నేను ఈ పని చేసినప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. ట్రాఫిక్ వల్ల నా పని ఆగిపోతోందని ఏళ్ల తరబడి అనుకున్నాను. జాబితాలో చూస్తే పదింటికి ఏడుసార్లు పక్క గదిలో మాటలే కారణం. హోరుకు పనికొచ్చే పరికరం వేరు, మాటలకు పనికొచ్చేది వేరు. కాబట్టి ఈ చిన్న జాబితా మీ ఖర్చును సగానికి తగ్గించినా ఆశ్చర్యం లేదు.

రెండో అడుగు: చప్పుడును ఆపే దారులు రెండేనని గుర్తుంచుకోండి

మొదటిది అడ్డుగోడ. చెవిని రబ్బరుతోనో, ఫోమ్‌తోనో, మెత్తని కుషన్‌తోనో మూసేయడం. బ్యాటరీ అక్కర్లేదు, చిప్ అక్కర్లేదు. కిటికీ మూస్తే బయటి శబ్దం తగ్గినట్టే ఇదీ. ఈ పద్ధతి పైస్థాయి శబ్దాలను, అంటే కీచుమనేవాటిని, మాటల్లోని పదునును బాగా ఆపుతుంది. బొంగురు హోరు మాత్రం పలుచని గోడల గుండా దూరిపోతుంది.

రెండోది ఎదురు తరంగం. దీన్నే యాక్టివ్ నాయిస్ క్యాన్సలేషన్, పొట్టిగా ఏఎన్‌సీ అంటారు. హెడ్‌ఫోన్‌లోని మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది. లోపలి చిప్ దానికి సరిగ్గా తిరగేసిన తరంగాన్ని తయారుచేసి స్పీకర్‌లోంచి వదులుతుంది. ఒకదాని ఎత్తు, ఇంకొకదాని పల్లం కలిసి రెండూ చదునవుతాయి. ఆలోచన చాలా పాతది. జర్మనీకి చెందిన పాల్ లుయెగ్‌కు దీని మీద 1936లో అమెరికా పేటెంట్ వచ్చింది. 1978లో బోస్ ఆడియో సంస్థ స్థాపకుడు అమర్ బోస్ విమానంలో ప్రయాణిస్తూ, వాళ్లిచ్చిన హెడ్‌ఫోన్లలో ఇంజిన్ హోరు తప్ప పాట సరిగ్గా వినపడకపోవడంతో అక్కడే కూర్చుని లెక్కలు మొదలుపెట్టారు. ఆయన సంస్థ పైలట్ల కోసం హెడ్‌సెట్‌ను 1989లో అమ్మకానికి తెచ్చింది. మామూలు జనం కొనుక్కునే జతను ఆ సంస్థ 2000లో తెచ్చింది.

విమానాల కోసం పుట్టిన విద్య కాబట్టే ఇది హోరు మీద అంత బాగా పనిచేస్తుందని కొందరనుకుంటారు. అసలు కారణం భౌతికశాస్త్రంలో ఉంది. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. 100 హెర్ట్జ్‌ల హోరులో ఒక్కో తరంగం 3.4 మీటర్ల పొడవు. అది ఒకసారి లేచి పడటానికి సెకనులో వందో వంతు పడుతుంది. చిప్‌కు లెక్క వేసుకునే తీరిక ఉంటుంది. అదే 3000 హెర్ట్జ్‌ల దగ్గర తరంగం పొడవు సుమారు 11 సెంటీమీటర్లే, సమయం సెకనులో మూడు వేలవ వంతు. ఎదురు తరంగం రవ్వంత ఆలస్యమైతే చాలు, రద్దు చేయాల్సిన శబ్దానికి తానే తోడవుతుంది. అందుకే ఏఎన్‌సీ బలం చాలావరకు 1000 హెర్ట్జ్‌ల లోపే. ఆపైన ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్లయినా అడ్డుగోడ మీదే ఆధారపడతాయి. ఢామ్మని ఒక్కసారిగా వచ్చే మోతల సంగతీ అంతే. ఏ తీరూ లేకుండా వచ్చే శబ్దాన్ని ముందుగా ఊహించడం చిప్‌కు కష్టం.

ఇప్పుడు మీ జాబితా చూడండి. హోరు ఎక్కువగా ఉంటే ఏఎన్‌సీకి డబ్బు పెట్టడం దండగ కాదు. మాటలు ఎక్కువగా ఉంటే చెవిలో గట్టిగా కూర్చునే మంచి టిప్స్, అంటే కొనన ఉండే మెత్తని రబ్బరు తొడుగులు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లు, చవక ఏఎన్‌సీ హెడ్‌ఫోన్ల కన్నా ఎక్కువ మేలు చేయవచ్చు. రెండూ ఉంటే ఏఎన్‌సీ, మంచి టిప్స్ రెండూ కలిసిన, చెవి రంధ్రంలోకి వెళ్లే ఇన్-ఇయర్ జత వెతకాలి. మోతలు, సుత్తి దెబ్బలు అయితే ఏ పరికరమూ పూర్తిగా ఆపదు. తగ్గుతాయి, అంతే.

మూడో అడుగు: ఆకారం ఎంచుకోండి

చెవి మొత్తాన్ని కప్పే ఓవర్-ఇయర్ హెడ్‌ఫోన్లు తక్కువ బడ్జెట్‌లో ఏఎన్‌సీకి అనువైనవి. లోపల మైకులకు, బ్యాటరీకి చోటుంటుంది. చాలాసేపు పెట్టుకున్నా చెవి రంధ్రం నొప్పెట్టదు. కాకపోతే వేడిగా ఉంటుంది, చెమట పడుతుంది, సంచిలో చోటు కావాలి. కళ్లజోడు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది, దాని గురించి కింద చెబుతాను.

చెవి మీద ఆనుకుని కూర్చునే చిన్న ఆన్-ఇయర్ రకాన్ని ఈ పని కోసం కొనవద్దనే చెబుతాను. చెవి డిప్ప ఎగుడుదిగుడుగా ఉంటుంది, కుషన్ దాని మీద పూర్తిగా అతుక్కోదు. శబ్దం దూరే సందులు అలాగే ఉంటాయి. గంట గడిచేసరికి చెవులు నొప్పి పుడతాయి కూడా.

చెవి రంధ్రంలోకి వెళ్లే ఇన్-ఇయర్ రకం అడ్డుగోడగా అన్నిటికన్నా బలమైనది. చిన్న రబ్బరు ముక్క సరిగ్గా కూర్చుంటే పెద్ద కుషన్లు ఆపలేని మాటలను కూడా ఆపుతుంది. వైర్ ఉన్నవి, నెక్‌బ్యాండ్లు, వైర్ లేని బడ్స్ అన్నీ ఇందులోకే వస్తాయి.

రబ్బరు టిప్ లేకుండా చెవి అంచున వేలాడే సగం ఇన్-ఇయర్ బడ్స్ విషయంలో జాగ్రత్త. వాటిలోనూ ఏఎన్‌సీ ఉందని రాసి అమ్ముతుంటారు. అబద్ధం కాకపోవచ్చు, కానీ తలుపు బార్లా తెరిచి ఏసీ వేసినట్టుంటుంది. చెవి బయట ఉండే ఓపెన్-ఇయర్ రకాలు, ఎముక ద్వారా వినిపించే బోన్ కండక్షన్ రకాలు బయటి శబ్దం వినపడాలనే చేసినవి. వాటి జోలికి పోకండి.

నిద్రపోవడానికి కావాలంటే, పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు ఓవర్-ఇయర్ అసలు కుదరదు. చెవి డిప్ప దాటి బయటికి పొడుచుకురాని చిన్న ఇన్-ఇయర్‌లు చూడండి. పాటలేమీ అక్కర్లేదు, నిశ్శబ్దం చాలు అనుకుంటే హెడ్‌ఫోన్లే వద్దు. మెత్తని ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు చాలు. వాటిలో మంచివాటికి అమెరికా లేబుల్ ప్రకారం 33 డెసిబెళ్ల వరకు రేటింగ్ ఉంటుంది, ధర ఏ హెడ్‌ఫోన్లతోనూ పోల్చలేనంత తక్కువ.

నాలుగో అడుగు: చెవికి కూర్చోవడం

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. తక్కువ ధర హెడ్‌ఫోన్లు ‘పనిచేయడం లేదు’ అని నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి తప్పు పరికరంలో లేదు, టిప్ సైజులో ఉంది. సందు ఉంటే ముందుగా లోపలికి వచ్చేది బొంగురు హోరే. ఏఎన్‌సీ పోరాడేది కూడా ఆ హోరుతోనే. అంటే సందు ఉన్న చోట ఏఎన్‌సీ మొదలుకాకముందే సగం ఓడిపోతుంది.

పెట్టెలో సాధారణంగా మూడు సైజుల టిప్స్ ఇస్తారు. మధ్య సైజు ముందే తొడిగి ఉంటుంది, చాలామంది దాన్ని ఎప్పటికీ మార్చరు. మూడూ పెట్టి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలనే నియమం లేదు. నాకు కుడి చెవికి పెద్దది, ఎడమ చెవికి మధ్యది కావాలి. ఇది తెలిసిన రోజు నా దగ్గరున్న పాత జత కొత్తదానిలా అనిపించింది.

సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి యాప్ ఉంటే మంచిదే, లేకపోయినా పర్వాలేదు. బడ్స్ పెట్టుకుని నోరు మూసుకుని ‘ఊఁ’ అనండి. మీ గొంతు కుండలో మాట్లాడినట్టు తలలో గుమ్మున మోగితే చెవి మూసుకున్నట్టే. మామూలుగానే వినిపిస్తే ఎక్కడో సందుంది. తర్వాత బేస్ బాగా ఉన్న పాట ఒకటి పెట్టి, వేలితో బడ్‌ను మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే బేస్ పెరిగితే ఆ టిప్ మీకు సరిపోలేదని అర్థం. చివరగా నమలడం, ఆవులించడం, తల ఊపడం చేయండి. దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారం కూడా మారుతుంది, అక్కడ జారిపోయే టిప్ పనికిరాదు.

సిలికాన్ టిప్స్ ఎన్ని మార్చినా కుదరకపోతే ఫోమ్ టిప్స్ విడిగా కొనుక్కోండి. వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ కొంచెం లాగి, టిప్ లోపల పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం పట్టుకోవాలి. తొందరపడి వదిలేస్తే బయటే ఉబ్బి ఊడిపోతుంది. మాటల గోల మీద వీటి ప్రభావం బాగా తెలుస్తుంది. లోపం ఏమిటంటే ఫోమ్ కొన్ని నెలలకే అరిగిపోతుంది, మళ్లీ కొనాలి. వైర్ లేని బడ్స్‌కు కొనేటప్పుడు ఇంకో సంగతి చూసుకోవాలి. టిప్ పొడవుగా ఉంటే కేస్ మూత పడదు, ఛార్జింగ్ ఎక్కదు. ఆ మోడల్‌కు సరిపోతుందని స్పష్టంగా రాసి ఉన్నవే తీసుకోండి.

ఓవర్-ఇయర్‌లో చూడాల్సింది కుషన్ లోతు, చుట్టుకొలత. చెవి మొత్తం లోపల పట్టాలి, లోపలి గుడ్డకు చెవి తగలకూడదు. కళ్లజోడు కాడలు కుషన్‌ను ఎత్తి పట్టి ఇరువైపులా సన్నని సందు చేస్తాయి. హోరు అందులోంచే వస్తుంది. కాడలు సన్నగా ఉన్న కళ్లజోడు, మెత్తగా మందంగా ఉన్న కుషన్ అయితే నష్టం తక్కువ. రోజంతా కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు నా సలహా మొహమాటం లేకుండా చెబితే, ఇన్-ఇయర్ వైపే వెళ్లండి. ఒత్తైన జుట్టు, పెద్ద చెవిపోగులు కూడా ఇదే పని చేస్తాయి. కుషన్ పైపొర విషయానికొస్తే, తోలులాంటిది శబ్దాన్ని బాగా ఆపుతుంది. గుడ్డ లేదా వెల్వెట్ చల్లగా ఉంటుంది కానీ శబ్దాన్ని ఎక్కువగా లోపలికి రానిస్తుంది.

ఐదో అడుగు: పెట్టె మీద రాతలు చదవడం నేర్చుకోండి

నేను మోసపోయిన చోటు ఇదే. ఏఎన్‌సీ అంటే మీ చెవికి. ఈఎన్‌సీ, అంటే ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సలేషన్, మీ మైకుకు, అవతలివాళ్ల కోసం. సీవీసీ అని రాసి ఉన్నా అదే సంగతి. ‘నాయిస్ ఐసొలేషన్’ అంటే రబ్బరు టిప్ ఉందని మాత్రమే అర్థం. ఉత్త ‘నాయిస్ క్యాన్సలేషన్’ అని రాసి వదిలేస్తే నమ్మకండి. వివరాల పేజీలో ‘యాక్టివ్’ అన్న మాట ఉందో లేదో, దాన్ని ఆన్ ఆఫ్ చేసే బటనో, టచ్ పద్ధతో చూపించారో లేదో వెతకండి. నిజంగా ఏఎన్‌సీ ఉంటే దాన్ని మార్చే దారి, బయటి శబ్దం వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ సాధారణంగా ఉంటాయి.

ఇక డెసిబెళ్లు. ‘50 డెసిబెళ్ల వరకు’ అని రాస్తారు. ఇందులో అసలు విషయం ‘వరకు’ అన్న మాటలో ఉంది. ప్రయోగశాలలో ఏదో ఒక్క స్థాయి శబ్దం మీద వచ్చిన అత్యధిక అంకె అది. మొత్తం శబ్దం అంత తగ్గదు. డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. 10 డెసిబెళ్లు తగ్గితే చెవికి శబ్దం సుమారు సగమైనట్టు అనిపిస్తుంది, 20 తగ్గితే నాలుగో వంతు. కాబట్టి హోరు మీద నిజంగా 20 తగ్గించే చవక జత దొరికితే సంతోషంగా తీసుకోవచ్చు. ఇద్దరు తయారీదారులు రాసిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం మాత్రం వృథా, ఎవరు ఎలా కొలిచారో తెలియదు.

‘హైబ్రిడ్’ అన్న మాటకు కొంత విలువుంది. మైకు బయట మాత్రమే ఉంటే ఒక రకం, చెవి వైపు లోపల మాత్రమే ఉంటే ఇంకో రకం, రెండుచోట్లా ఉంటే హైబ్రిడ్. లోపలి మైకు మీ చెవి దగ్గర ఏం మిగిలిందో విని సరిదిద్దుతుంది. మిగతావన్నీ సమానంగా ఉంటే హైబ్రిడ్ తీసుకోండి.

బ్యాటరీ గంటలు చూసేటప్పుడు ఏఎన్‌సీ ఆన్‌లో ఎంత అన్నదే చూడాలి. పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె తరచుగా ఏఎన్‌సీ ఆఫ్‌లో, బడ్స్‌కైతే కేస్‌లోని ఛార్జ్ కూడా కలిపి రాసినది. విమానంలో సీటు స్క్రీన్‌కు కలుపుకోవాలంటే 3.5 మిల్లీమీటర్ల వైర్ పెట్టుకునే వీలుందా, వైర్ పెట్టినప్పుడు కూడా ఏఎన్‌సీ పనిచేస్తుందా అని అడిగి తెలుసుకోండి. కొన్నిటిలో వైర్ గుచ్చగానే అది ఆగిపోతుంది.

డ్రైవర్, అంటే లోపలి స్పీకర్ ఎన్ని మిల్లీమీటర్లు, పాటను ఫోన్ నుంచి పంపే బ్లూటూత్ కోడెక్ ఏది అన్నవాటికి బయటి శబ్దం ఆపడంతో సంబంధం లేదు. వాటి కోసం అదనంగా ఖర్చు పెట్టకండి.

ఆరో అడుగు: తక్కువ డబ్బును ఎక్కడ పెట్టాలి

బడ్జెట్ మరీ తక్కువైతే ఏఎన్‌సీని పూర్తిగా వదిలేసి, మంచి వైర్ ఇన్-ఇయర్‌ఫోన్లు, ఒక జత ఫోమ్ టిప్స్ తీసుకోండి. వీటికి బ్యాటరీ లేదు, ఛార్జింగ్ టెన్షన్ లేదు, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. అట్టడుగు ధరలో వచ్చే ఏఎన్‌సీ బడ్స్ కన్నా ఇవి చాలా సందర్భాల్లో ఎక్కువ నిశ్శబ్దాన్ని ఇస్తాయి, ముఖ్యంగా మాటల నుంచి. ఫోన్‌కు గుండ్రని జాక్ లేకపోతే యూఎస్‌బీ-సీ పిన్ ఉన్నవి చూసుకోండి.

కొంచెం పైకి వెళ్లగలిగితే పేరున్న సంస్థల కింది శ్రేణి ఓవర్-ఇయర్ మోడళ్లు చూడండి. సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్720ఎన్, సౌండ్‌కోర్ క్యూ30, సౌండ్‌కోర్ స్పేస్ వన్ లాంటివి ఈ తరగతిలో జనం ఎక్కువగా పోల్చి చూసేవి. 2023లో వచ్చిన ఆ సోనీ జత బరువు 192 గ్రాములే. గంటల తరబడి పెట్టుకునేవాళ్లకు బరువు ఎంత ముఖ్యమో రెండో గంటలో తెలుస్తుంది. మీరు చదివే సమయానికి వీటి తర్వాతి మోడళ్లు వచ్చి ఉండొచ్చు. వస్తే ఇంకా మంచిది, పాతవాటి ధర దిగుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన దారి, ఒక తరం పాతబడిన పై శ్రేణి ఓవర్-ఇయర్ జతను కంపెనీయో నమ్మకమైన అమ్మకందారో బాగుచేసి వారంటీతో అమ్మితే కొనడం. ఏఎన్‌సీ నాణ్యత రెండు మూడేళ్లలో పాతబడిపోదు. కుషన్లు కొత్తవి మార్చుకుంటే సరిపోతుంది. బడ్స్ మాత్రం వాడినవి కొనకండి. పరిశుభ్రత సంగతి అలా ఉంచితే, వాటి చిట్టి బ్యాటరీని మార్చడం దాదాపు అసాధ్యం, అది అప్పటికే సగం అరిగి ఉంటుంది. పేరున్న మోడల్ నమ్మలేనంత చవకగా కనిపిస్తే అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ.

సమీక్షలు చదివేటప్పుడు ‘సూపర్‌గా ఉంది’ అన్న మాటలను దాటేయండి. ఎవరి చుట్టూ ఏ చప్పుడు ఉందో చెప్పిన సమీక్ష ఒక్కటి దొరికినా చాలు. హెడ్‌ఫోన్లను కొలిచి సమీక్షించే ఆర్టింగ్స్ లాంటి సైట్లు శబ్దం ఏ స్థాయిలో ఎంత తగ్గిందో గీతల్లో చూపిస్తాయి. గీత ఎడమ వైపు హోరు, మధ్యలో మాటలు, కుడి వైపు కీచుశబ్దాలు. మీ జాబితాకు తగిన వైపే చూడండి, మొత్తం మార్కులు కాదు.

ఏడో అడుగు: వెనక్కిచ్చే గడువు లోపలే పరీక్షించండి

కొనేముందు వాపసు నియమాలు చదవండి. ఇన్-ఇయర్ రకాన్ని సీల్ తెరిచాక తీసుకోని అమ్మకందారులు చాలామంది ఉన్నారు. పెట్టె, కవర్లు గడువు దాటేవరకు పారేయకండి.

ముందు నిశ్శబ్దంగా ఉన్న గదిలో, పాట లేకుండా ఏఎన్‌సీ ఆన్ చేయండి. సన్నగా ‘స్‌స్‌స్’ అని వినిపిస్తుందా? చవక వాటిలో కొంత ఉంటుంది. రాత్రిపూట చదువుకోవడానికి వాడితే అదే పెద్ద చికాకు అవుతుంది. తర్వాత ఫ్యాన్ వేగంగా పెట్టి ఏఎన్‌సీ ఆన్ ఆఫ్ చేసి తేడా చూడండి. హోరులో స్పష్టమైన తేడా లేకపోతే టిప్ మార్చి మళ్లీ చూడండి, అప్పటికీ లేకపోతే వెనక్కి పంపండి. ఇంట్లో ఎవరినైనా పక్క గదిలో మామూలుగా మాట్లాడమనండి. ఆరుబయట గాలికి నిలబడండి. బయటి మైకులోకి గాలి కొట్టి గరగరమనే శబ్దం వస్తే, నడకలోనో బండి మీదో కాక లోపల కూర్చుని వాడేవాళ్లకే ఆ జత సరిపోతుంది.

నేను తప్పక చేసే పరీక్ష వాల్యూమ్‌ది. ప్రశాంతమైన గదిలో ఒక ప్రసంగమో, పాఠమో పెట్టి, హాయిగా వినిపించేంత వాల్యూమ్ పెట్టుకోండి. ఆ స్థాయి రాసుకోండి. తర్వాత మీ జాబితాలోని అసలు గోల మధ్యకు వెళ్లి అదే వినండి. వాల్యూమ్ ఎంత పెంచాల్సి వచ్చిందో అదే ఆ హెడ్‌ఫోన్లకు నిజమైన మార్కు. ఒకటి రెండు మెట్లతో సరిపోతే ఉంచుకోండి. దాదాపు చివరిదాకా తీసుకెళ్లాల్సి వస్తే పెట్టె మీద ఏం రాసి ఉన్నా అది మీకు పనికిరాదు. ఈ పరీక్షకు నేను ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం వినికిడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సురక్షిత పరిమితి 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు, 90 డెసిబెళ్ల దగ్గర 4 గంటలే. బయటి గోలను మించి వినాలని వాల్యూమ్ పెంచే అలవాటుతో ఆ నాలుగు గంటలు ఎప్పుడో దాటిపోతాం. పోయిన వినికిడి తిరిగిరాదు.

చివరగా ఒక్క గంటసేపు తీయకుండా పెట్టుకుని పని చేసుకోండి. కొందరికి ఏఎన్‌సీ ఆన్‌లో ఉంటే చెవులు మూసుకుపోయినట్టు, లిఫ్ట్‌లో దిగుతున్నట్టు ఒత్తిడి అనిపిస్తుంది. నిజానికి లోపల గాలి ఒత్తిడేమీ పెరగదు, ఒక్కసారిగా బొంగురు శబ్దాలు మాయమవడం వల్ల కలిగే భావన అది. కొన్ని రోజుల్లో అలవాటు కావచ్చు. తలనొప్పి, తల తిరగడం వస్తుంటే బలవంతంగా అలవాటు చేసుకోవద్దు. తీవ్రత తగ్గించే సెట్టింగ్ ఉంటే వాడండి, లేకపోతే రబ్బరు టిప్ దారే మీకు మంచిది.

అన్నీ కుదిరాక కూడా మాటలు వినపడుతుంటే

కొంత మిగులుతుంది, దానికి మందు ఉంది. వాన చప్పుడో, జలపాతం శబ్దమో, బ్రౌన్ నాయిస్ అనే బొంగురు హోరో చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టుకోండి. మిగిలిన మాటలు అందులో కలిసిపోయి అర్థం కాకుండా పోతాయి. మన ధ్యాసను లాగేది శబ్దం కన్నా అందులోని అర్థమే కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. మరీ కష్టమైన చోట్ల ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని, వాటి మీద ఓవర్-ఇయర్ ఏఎన్‌సీ హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు. ఇబ్బందిగానే ఉంటుంది, కానీ పరీక్షకు ముందు రోజు పక్కింట్లో డ్రిల్లింగ్ జరుగుతుంటే ఇంతకు మించిన దారి నాకు తెలియదు.

రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు వీటిని వాడకండి. ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉన్నా సరే. యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు ఏఎన్‌సీ హెడ్‌ఫోన్లను రక్షణ పరికరంగా అనుకోకూడదు. దానికి ధ్రువీకరించిన ఇయర్‌మఫ్‌లే వాడాలి.

వాడకంలో వచ్చే చిన్న పనులు

టిప్స్ వారానికోసారి తీసి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక తొడగండి. ఫోమ్‌ను నీళ్లలో నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. సన్నని జాలీ మీద గులిమి పేరుకుంటే పాట చిన్నగా వినిపించడమే కాదు, లోపలి మైకు కూడా మూసుకుని ఏఎన్‌సీ దెబ్బతింటుంది. బడ్‌ను తలకిందులుగా పట్టుకుని మెత్తని పొడి బ్రష్‌తో దులపాలి, పిన్నుతో పొడవకూడదు. చెవిలో దురద, నొప్పి మొదలైతే కొన్ని రోజులు పూర్తిగా ఆపేయండి. ఓవర్-ఇయర్ కుషన్ పొర పెళుసుగా రాలిపోతుంటే మొత్తం జత మార్చే ముందు కుషన్లు మాత్రం మార్చి చూడండి, పోయిందనుకున్న నిశ్శబ్దం చాలావరకు తిరిగి వస్తుంది. ఎక్కువ రోజులు వాడకుండా పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జ్‌తో పెట్టండి. పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు.